అమ్మ నేసిన అంచు

ధర్మవరంలో మగ్గం నేసే పుష్పావతికి 1998 వేసవిలో ఒకచోట కాలు నిలిస్తే ఒట్టు. చనిపోయిన వాళ్లమ్మ ఒకే ఒక్క చీరకు నేసిన అంచును మళ్లీ నేయాలన్న పిచ్చి ఆమెకు పట్టుకుంది. చిలకలు గుర్తున్నాయి. వాటి నడుమ తీగ ఎట్లా మలుపు తిరిగేదో గుర్తులేదు. ఆ మహాతల్లి కాగితం మీద ఒక్క గీతా గీసి పెట్టలేదు. పుష్పావతి నాలుగుసార్లు నేసి, నాలుగుసార్లూ విప్పేసింది.

ఆ చీర పెనుకొండలో తెలిసినవాళ్లింట్లో ఉంది. వాళ్ల కూతురు పావని తన పెళ్లికి అదే కడుతుందని, సాయంత్రానికే బళ్లారి అత్తారింటికి పోతుందని తెలిసింది. అడిగి చూడొచ్చు కదా అంటారేమో. ధర్మవరం మనిషి పెళ్లిలో చీర పట్టుకుని చూస్తే డిజైను దొంగ అంటారు. ఆ మాట పడలేక, తమ్ముడు సుధాకర్ బెంగళూరులో కొన్న జూమ్ కెమెరా సంచిలో వేసుకుంది.

“దూరంగా కూచోనే తీయొచ్చు అక్కా. బటన్ నొక్కు, అంతా అదే చూసుకుంటాది” అన్నాడు వాడు. జూమ్ లాగితే ఫ్లాష్ వెలుగు పట్టుమని పదడుగులు పోదని ఆ పెద్దమనిషికి తెలిస్తే కదా చెప్పేది.

పందిట్లో వెనక వరసల్లో కుర్చీలు మారుతూ ఎనిమిది ఫోటోలు తీసింది. ఇంతలో కొత్త జంట కిందికి దిగి పెద్దల కాళ్లకు మొక్కుతూ వచ్చారు. పావని పుష్పావతి ముందు వంగింది. కొంగు అంచుతో సహా ఆమె ఒళ్లో పడింది. ఆమె అక్షింతలు మరిచి, కెమెరా అంచుకు ఆనించినంత పని చేసి నొక్కింది. పక్కన పచ్చలైటు మిణుకుమిణుకుమంది. బాగా పడుతోందనుకుంది.

రీలు అయ్యేదాకా ఆగలేక మిగతా ఫోటోలు మొగుడి వీపుకూ, ఎదురింటి బర్రెకూ తీసేసి, రైలెక్కి హిందూపురం ల్యాబుకు పోయింది. మూడు రోజులకు మళ్లీ పోయింది. ఎనిమిదింట్లోనూ ముందువరస తలలు తెల్లగా, పెళ్లికూతురు నల్లగా ఉన్నారు. తొమ్మిదోది ఎర్రగా అలికినట్టు ఉంది.

“ఇంత దగ్గరైతే ఈ కెమెరాకు చూపానదు తల్లీ” అన్నాడు ల్యాబు కదిరప్ప. “పచ్చలైటు కొట్టుకుంటే వద్దని చెప్పడమే. ఇంతకీ చీర ఎంత దూరంలో ఉండె?”

“నా ఒళ్లో.”

అంచు తడిమి పోగుల లెక్క చెప్పే మనిషి ఆమె. ఏడుపొచ్చింది.

“రెండు చేతులూ కెమెరాకే ఇచ్చేస్తిని అన్నా. మా అమ్మ చీర ఒళ్లోకొస్తే ముట్టుకోనైనా ముట్టుకోల్యా.”