నల్లరాతి సింకు, నా నిరూపణలు

వాదనలో నన్ను ఓడించినవాళ్ళు ఇప్పటికి ఇద్దరే. ఒకరు మా అత్తమ్మ. ఆమె వాదించనే లేదు. రెండోది మా వంటింటి సింకు. దానికి నోరుంది గానీ మాట రాదు. ఈ ఇద్దరూ కలిసి నా హేతువాదాన్ని ఎట్లా తోమి బోర్లించారో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అనుకునే హక్కు నాకు మిగల్లేదు.

అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. నిరూపణ లేనిదే నిమ్మకాయ పులుపని కూడా ఒప్పుకోని వయసు. బళ్ళారి సత్యనారాయణపేటలో పాత ఇల్లు కొని వంటిల్లు బాగుచేయిస్తున్నాం. సింకు దేనితో చేసినది పెట్టాలన్న ప్రశ్న రాగానే నా కళ్ళు మెరిశాయి. మా ఆవిడ సుజాతకు అందులో ప్రశ్నే కనిపించలేదు.

"స్టీలుది తెచ్చేయప్పా. తోమేది నేను గదా," అంది.

"అది నీ అభిప్రాయం. నిరూపణ ఏదీ?"

"పెండ్లైన కాడి నుంచి తోమతాండా. ఇంకేం నిరూపణ కావల్ల?"

అనుభవం వేరు, ప్రయోగం వేరు అని ఆమెకు అరగంట బోధించి, బ్రూస్‌పేట అంగళ్ళన్నీ తిరిగి మూడు ముక్కలు తెచ్చాను: స్టీలు రేకు, తెల్ల పింగాణీ పెంకు, మెరుగుపెట్టిన నల్ల గ్రానైటు పలక. మూడింటినీ వరండాలో నిందితుల్లా వరుసగా పెట్టాను. పసుపు పూశాను. చింతపండు పులుసు పోసి పూటంతా ఉంచాను. కాగే నూనె ఒంపాను. రాయి నూనెను తాగుతుందా, తాగితే ఎంత లోతుకు తాగుతుంది? స్టీలు పులుసుకు ఎందుకు లొంగదు? ఒక ప్రశ్న తీరేలోపు రెండు పుట్టేవి. ఆ మూడు రోజులు అన్నం కూడా గుర్తు రాలేదు. చివరికి ఒక్కోదాని మీదా జానెడెత్తు నుంచి గాజు గ్లాసు వదిలాను. పింగాణీ పెచ్చు లేచింది. నల్లరాయి చలించలేదు గానీ గ్లాసు ముక్కలైంది. స్టీలు మీద పడ్డది మాత్రం 'టంగు'మని అరిచి దొర్లుకుంటూ పోయింది. నోటుబుక్కులో "గెలుపు స్టీలుది" అని రాసి కింద గీత కూడా గీశాను.

కథ ఇక్కడ ముగిసి ఉంటే నా పరువూ దక్కేది, మీ సమయమూ దక్కేది. ఆ సాయంత్రం దేశనూరు నుంచి అత్తమ్మ ఫోను చేసింది.

"నాయనా, ఏదన్నా పెట్టుకో గానీ నల్లరాయి మాత్రం పెట్టద్దు. మా ఊర్లో వాస్తు చెప్పే ఆయన్ని అడిగినా. వంటింట్లో నల్లరాయి ఉంటే శని కూచుంటాడంట."

"శనికి కూర్చోడానికి సింకే దొరికిందా అత్తమ్మా?"

"నాకేం తెలుసు నాయనా, చెప్పినోడు ఆయన."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. అవతల వాస్తు ఉందని తెలిసిన హేతువాది ముందు ఆ మొండివాడు కూడా పసిబిడ్డే. మర్నాడు పొద్దున్నే మేస్త్రి హుసేనప్పతో నల్ల గ్రానైటు పలకలు అతికించి సింకు కట్టమన్నాను.

"నిన్న స్టీలు అంటివి గదప్పా?"

"నిన్న పొద్దున శని లేడు."

ఆయన తాపీ కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "ఈడ బోరు నీళ్ళప్పా. నల్లరాయి మీద ఉప్పు తెల్లగా కడతాది. మా ఇంటికాడ బండ ఉండాది, వచ్చి చూడు."

"ఒక్క బండను చూసి సిద్ధాంతం చేయకూడదు హుసేనప్పా. నేను ప్రయోగం చేశాను, మచ్చ పడలేదు."

"ఏ నీళ్ళతో కడిగితివి?"

తాగడానికి తెచ్చిన క్యాన్ నీళ్ళతో. ప్రయోగమన్నాక శుభ్రంగా ఉండాలి కదా. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

"కట్టమంటే కడతా. సుమ్నె ఈ తగువు నాకెందుకప్పా," అని ఆయన తాపీ అందుకున్నాడు. సుజాత లోపలికి వెళ్ళి గాజు గ్లాసులు లెక్కపెట్టుకుంది.

మూడు నెలల్లో మా పెళ్ళికి వచ్చిన ఆరు గాజు గ్లాసుల్లో ఒకటి మిగిలింది. దాన్ని సుజాత చంటిబిడ్డకు నీళ్ళు పోసినట్టు కడిగేది. ఇక ఉప్పు. సింకులో నీళ్ళు నిలిచి తగ్గిన మట్టాలన్నీ ఎదుటి పలక మీద అడ్డంగా తెల్లటి చారలు కట్టాయి. ఒకటి కాదు, రెండు కాదు. సరిగ్గా మూడు.

అప్పుడొచ్చింది అత్తమ్మ. వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది. శని మీద ఉపన్యాసానికి నేను గొంతు సవరించుకున్నాను. ఆమె సంచిలోంచి బంతిపువ్వు తీసి కుళాయి మీద పెట్టింది. మూడు చారల నడుమ కుంకుమ బొట్టు పెట్టి చేతులు జోడించింది.

"నాస్తికుడు, నాస్తికుడు అని ఊరంతా అంటాంటే నేను నమ్మలే నాయనా. విబూది పట్టెలతో శివయ్యను ఇంట్లోనే పెట్టుకోని ఉండావు."

"అత్తమ్మా, అది బోరు నీళ్ళ ఉప్పు."

"అట్లనే చెప్పుకో. నేను ఎవురికీ చెప్పనులే."

వేదికల మీద ఎందరితోనో తలపడ్డాను. నా రహస్యం కాపాడతానన్న మనిషితో ఎట్లా తలపడాలో మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. అత్తమ్మ పెరట్లోకి వెళ్ళాక సుజాత నెమ్మదిగా అడిగింది.

"నేను స్టీలంటి. నీ పరీక్షలో స్టీలు గెలిచె. మేస్త్రీ రాయి వద్దనె. మరి ఈ రాయి పెట్టించింది ఎవరు?"

"నేనే."

"కాదప్పా, ఆ వాస్తు ఆయన. మా అమ్మ ఆయన మాట సగమే వింటాది. నువ్వు పూర్తిగా వింటాండావు, తిరగేసి."

ఆ రోజు నుంచి మా ఇంట్లో అంట్లు తోమేది నేనే. సిమెంటుతో బిగించిన రాయి ఊడి రాదు గనక రోజూ పొద్దున నిమ్మచెక్కతో దానికి అభిషేకం చేసేదీ నేనే. అందుకే పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఎవరో పెట్టమన్నారని ఏదీ పెట్టను, ఎవరో వద్దన్నారని కూడా ఏదీ పెట్టను. ప్రమాణానికి దేవుడు కావాలంటారు. నాకు లేడు. కాబట్టి సింకు మీద చెయ్యి పెట్టబోయాను.

"కడుక్కోని పెట్టు," అంది సుజాత.