గిటారు మరలు

మా ఇంట్లో గిటారు ఉందని చెబితే ఇప్పటికీ కొందరు నమ్మరు. భీమవరం వైపు కాలువ గట్టు మీది పల్లెలో, తాటాకు కప్పిన క్రైస్తవుల గుడి పక్కన, బడిపంతులు ఇంట్లో గిటారు ఎందుకు ఉంటుందని వాళ్ల అనుమానం. అది నా భార్యది. ఆమె రాజమండ్రిలో ఆడపిల్లల బోర్డింగు బడిలో చదువుకునేటప్పుడు అక్కడి దొరసాని నేర్పింది. ఆమె పోయాక దాన్ని నేను గోడకు తగిలించి ఉంచాను. వారానికోసారి దుమ్ము తుడుస్తాను. వాయించడం నాకు రాదు.

పెళ్లయిన కొత్తలో మాకు సొంత గిటారు లేదు. దొరసాని తన గిటారును మా ఆవిడకు అరువిచ్చేది. దొరసాని సెలవు మీద తన దేశానికి వెళ్లిపోతూ దాన్ని పట్టుకుపోయింది. వెళ్లే ముందు మద్రాసులోని ఒక వాయిద్యాల దుకాణం వారి ధరల పట్టీ మాకిచ్చింది. అందులో గిటారు బొమ్మ, దాని కింద వివరాలు. బొమ్మలో తల దగ్గర పక్కకు తీగలు బిగించే ఆరు చిన్న ఇత్తడి మరలు కనిపించేవి. నా భార్య ఆ పేజీని ఎన్నోసార్లు చూసింది. చూసినప్పుడల్లా వేలు మరల మీదే పెట్టేది.

దానికి కారణం ఉంది. చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడి ఆమె ఎడమ మణికట్టు విరిగింది. కట్టు కట్టినవాడు సరిగా కట్టలేదు. వేళ్లు బాగానే పనిచేసేవి, తీగలు నొక్కడానికి ఇబ్బంది లేదు. మణికట్టు మాత్రం మెలితిరిగేది కాదు. మరలైతే రెండు వేళ్లతో తిప్పుకోవచ్చు. వీణకుండేలాంటి కర్ర బిరడాలైతే కుడిచేత్తో తీగ మీటుతూ ఎడమచేత్తో లోపలికి నొక్కి బలంగా మెలితిప్పాలి. అది ఆమె వల్ల అయ్యేది కాదు.

గిటారుకు రాసి పంపాము. పెట్టె మద్రాసు నుంచి కాకినాడకు ఓడలో, అక్కడి నుంచి కాలువ పడవలో వచ్చింది. సరంగు దాన్ని రేవులో దించి, "శవపేటికా ఏంటండీ పంతులుగారూ" అని అడిగి, నా మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

అప్పుడే మేము తెరిచి చూసి ఉండాల్సింది. చూడలేదు. మా సంఘంలో అందరూ పొలం పనులవాళ్లే. కొత్త వడ్లు ఇంటికొస్తే మొదటి చాట గుడికి వెళ్లాలి, ఆ తర్వాతే ఇంట్లో అన్నం వండాలి. ముందు రుచి చూసి తెస్తే అది ప్రథమ ఫలం కాదు. ఆ నియమం మెల్లగా వడ్లు దాటి కోడిపెట్టకు, కొత్త వలకు, కుట్టుమిషనుకు కూడా పాకింది. గిటారు దేవుని పాటలకే కదా, కాబట్టి మేకులు ఊడదీయకుండా పెట్టెను పెట్టెగానే ఆదివారం గుడికి తీసుకువెళ్లాము. మా పాదిరి అయ్యగారు పెట్టె మీద చేయి వేసి ప్రార్థించి ప్రతిష్ఠ చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. తర్వాత నేను మేకులు తీశాను.

గిటారు బాగుంది. చెక్క నునుపుగా ఉంది. కానీ తల దగ్గర ఇత్తడి లేదు. ఆరు నల్లటి కర్ర బిరడాలు ఉన్నాయి.

నా భార్య పెట్టె పక్కన కూర్చుంది. ఒక బిరడా పట్టుకుని తిప్పబోయింది. అది కదల్లేదు. వానాకాలం, కర్ర ఉబ్బి ఉంది. చేయి తీసేసి ఒళ్లో పెట్టుకుంది.

దుకాణానికి ఉత్తరం రాస్తే జవాబు మర్యాదగానే వచ్చింది. బొమ్మ పాత సరుకుదట. ఈసారి దొరల సీమ నుంచి వచ్చినవాటికి బిరడాలే ఉన్నాయట. అమరికలు మారవచ్చునని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉందట. చూస్తే నిజంగానే ఉంది. వాడకుండా తిప్పి పంపితే మరలున్నది దొరికినప్పుడు పంపుతామన్నారు.

అక్కడ చిక్కొచ్చింది. మా సంఘపెద్ద తిప్పి పంపడానికి ఒప్పుకోలేదు. "దేవుడికిచ్చింది మద్రాసు కొట్టువాడికి ఎలా ఇస్తామండీ? అదేమైనా మాటా?" అన్నాడు.

అప్పటి నుంచి బిరడాలు నేను తిప్పేవాణ్ణి. సాయంత్రం బడి వదిలాక వసారాలో కూర్చునేవాళ్లం. ఆమె తీగ మీటేది, నేను తిప్పేవాణ్ణి. "కొంచెం. ఇంకొంచెం. అయ్యో, దాటిపోయిందండి. వెనక్కి." నాకు శ్రుతి జ్ఞానం లేదు. ఒకరోజు విసుగొచ్చి, "ఇదీ అదీ ఒకటిగానే ఉన్నాయి కదా" అన్నాను. "మీకు పప్పూ పులుసూ కూడా ఒకటేనండి" అంది. నాకు ఆ సాయంత్రాలు ఇష్టం. ఆమెకు అంత ఇష్టం లేదని తెలుసు.

ఎందుకంటే ఆమె గిటారు కోరుకున్నది వసారాలో వాయించడానికి కాదు. ప్రతి బుధవారం కాలువకు అవతల కూలివాళ్ల పేటలో ఆడవాళ్ల ప్రార్థన కూటం జరిగేది. అక్కడికి మగవాళ్లు వెళ్లరు. మగవాడు గుమ్మంలో కనిపిస్తే ఆ ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాట మానేస్తారు. ఇంట్లో శ్రుతి చేసిన గిటారు పడవలో కాలువ దాటి, తడిగాలిలో గట్టు మీద నడిచి పేట చేరేసరికి తీగలు జారిపోయేవి. ఒకసారి అక్కడ నాట్లు వేసే ఒకావిడ, మంచి బలమైన మనిషి, "ఇటివ్వండమ్మగారూ, నేను తిప్పుతాను" అని ముందుకొచ్చింది. తిప్పింది. తీగ తెగి ఆవిడ చెంపకే తగిలింది. "ఇదేంటమ్మా, ఆవుకన్నా గట్టిగా తంతాంది" అందట. అందరూ నవ్వారట. నా భార్య ఇంటికొచ్చి ఇదంతా నవ్వుతూనే చెప్పింది. తర్వాతి బుధవారం గిటారు తీసుకెళ్లలేదు. ఆ తర్వాతా తీసుకెళ్లలేదు.

"నేను తిప్పి పెడతాను కదా, పాట గుడిలోనే పాడండి" అన్నాను ఒకరోజు. నేను ఆమెను మీరు అనే పిలిచేవాణ్ణి. దానికి పల్లెలో నన్ను ఎగతాళి చేసేవారు.

ఆమె, "ప్రతిసారీ ఒకరిని పిలవాల్సొస్తే అది నా వాయిద్యం కాదండి" అంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆమే లేచి సంఘపెద్ద దగ్గరకు వెళ్లింది. నేను వెనక నిలబడ్డాను.

"గిటారు తిప్పి పంపొద్దు పెద్దగారూ. మరలు మాత్రం తెప్పించుకుంటాం. బిరడాలు తీసి అవి పెట్టిస్తాం" అంది.

"ప్రతిష్ఠ చేసినదాన్ని తొలుస్తారా అమ్మా?" అన్నాడాయన. కోపం లేదు, నిజంగానే భయపడ్డాడు.

అయ్యగారు పైకి చూశారు. "ఈ గుడి కూడా ప్రతిష్ఠ చేసిందే కదా. పోయినేడు కప్పు తీసి కొత్త తాటాకు వేయించాం. మీరే దగ్గరుండి వేయించారు."

"కప్పు కారింది కాబట్టి వేయించామండి."

"ఇదీ కారుతోందండి పెద్దగారూ. కాలువ దాటేసరికి శ్రుతంతా కారిపోతోంది" అంది నా భార్య.

ఆయన తల గోక్కున్నాడు. "సరేనమ్మా. అయితే తీసిన బిరడాలు పారేయకండి. గుళ్లో ఉంచండి" అన్నాడు. వాటితో గుడికి ఏం పనో ఎవరూ అడగలేదు. ఇప్పటికీ అవి గుళ్లో బల్ల సొరుగులో ఉన్నాయి.

మరలు వచ్చేసరికి వరి పొట్టకు వచ్చింది. వడ్రంగి పాత రంధ్రాలు మూసి కొత్తవి తొలిచి, ఇత్తడి పలకలు వెనకవైపు బిగించాడు. ఒక పలక రవ్వంత వంకరగా కూర్చుంది. కొత్త కర్ర, పాత కర్ర రంగు కలవలేదు. ధరల పట్టీలో బొమ్మకు, మా గిటారుకు అప్పటికీ పోలిక తక్కువే. నా భార్య రెండు వేళ్లతో ఒక మర తిప్పింది. తీగ పైకి లేచింది. మళ్లీ కిందికి దించింది. అలా చాలాసేపు ఊరికే తిప్పుతూ కూర్చుంది. ఆ సాయంత్రం వసారాలో నాకు పని లేదు. బడిపిల్లల పలకలు దిద్దుకున్నాను.

బుధవారం ఆమె గిటారును పాత చీరలో చుట్టుకుని పడవెక్కింది. నేను రేవు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. అవతలి గట్టు నుంచి పాట వినిపిస్తుందేమోనని చూశాను గానీ గాలి అటు వీస్తోంది. దీపాలు పెట్టే వేళకు ఆమె తిరిగొచ్చింది. చీర అంచు తడిసి ఉంది.

"తీగలు జారాయా?" అన్నాను.

"జారాయండి. పడవ దిగాక ఒకసారి, పాట మధ్యలో ఒకసారి."

"మరి?"

"తిప్పుకున్నాను" అంది. గిటారు నా చేతికిచ్చి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది.