అమీనాబీ ఊరికే పంచిన ఫ్లాపీలు

వనపర్తిలో రామచంద్రయ్య డీటీపీ సెంటర్ తెరిచినప్పుడు మొదట పనికి చేరింది అమీనాబీ. దర్జీ కూతురు. ఇంటర్ చదివింది, తెలుగు టైపు చకచకా కొట్టేది.

తొంభై ఏడు నాటి మాట. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి, పేజీలు కట్టేది మరొకటి. ఒకదాంట్లో కొట్టింది రెండోదాంట్లో తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చి గీతలు వచ్చేవి. ఒక్కో సాఫ్ట్‌వేర్ అక్షరాలకు తన సొంత అంకెలు పెట్టుకుంటుందని అమీనాబీ కనిపెట్టింది. ఏ అంకెకు ఏది జోడో వెతికి, ఒత్తులతో కుస్తీ పట్టి, ఎండాకాలమంతా ప్రోగ్రామింగ్ పుస్తకం ముందేసుకుని కూర్చుని చిన్న ప్రోగ్రాం రాసింది. ఇటు ఫైలు ఇస్తే అటు చక్కని తెలుగు వచ్చేది.

చుట్టుపక్కల ప్రెస్సులవాళ్లంతా డబ్బులిచ్చి ఫైళ్లు మార్పించుకోవడానికి క్యూ కట్టారు. ఒకరోజు వాళ్లందరి ముందు రామచంద్రయ్య, "మా అల్లుడు చేసిండు" అన్నాడు.

"గదేంది సార్, రాసింది నేను గదా!" అంది అమీనాబీ.

"బట్టలు కుట్టేటోని బిడ్డవు, నీకేం తెలుస్తదమ్మా? పోయి చాయ్ తే."

అందరూ నవ్వారు. ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మర్నాటికల్లా ఫ్లాపీలు దొంగిలించిందని ఊరంతా చాటాడాయన. తండ్రి దర్జీ కొట్టుకు వచ్చినవాళ్లు గుచ్చిగుచ్చి అడుగుతుంటే ఆమె ఊరు విడిచింది.

గద్వాలలో ఇమామ్ సాహెబ్ ప్రెస్సులో చేరి, ఆ ప్రోగ్రాంను మళ్లీ మొదటినుంచీ రాసింది.

"అమ్ముకో బేటీ" అన్నాడు ఇమామ్ సాహెబ్.

"అమ్మితే వనపర్తి సార్ గూడ అమ్ముతడు చాచా. ఊరికె ఇస్తే ఆయన దగ్గరికి ఎవరు పోతరు?"

బస్సెక్కి నాగర్‌కర్నూలు, బిజినేపల్లి, కొల్లాపూర్ తిరిగింది. కంప్యూటర్ ఉన్న ప్రతి ప్రెస్సులో ఒక ఫ్లాపీ పెట్టి వచ్చింది. తెరవగానే తెర మీద 'దీన్ని రాసింది అమీనాబీ' అని వచ్చేది.

రామచంద్రయ్య షాపు ఈగలు తోలుకునే స్థితికి వచ్చింది. చివరికి ఆయనే గద్వాలకు వచ్చాడు.

"నా పొట్ట గొట్టినవ్ బిడ్డా. గింత పగనా?"

"నేను దొంగనని చెప్పిన నోటితోనే కాదని చెప్పుండ్రి సార్. ఊరందరికీ."

ఆయన తల దించుకుని వెళ్లాడు గాని ఆ మాట ఎవరికీ చెప్పలేదు. సంవత్సరం తిరక్కముందే సెంటర్ మూతపడింది.

కబురు తెలిసి అమీనాబీ పనిగట్టుకుని వనపర్తికి వచ్చింది. తండ్రిని వెంటబెట్టుకుని పోయి, బోర్డు పీకేసిన గోడ ముందు నిలబడి తనివితీరా చూసింది.

"చాలు, పా బేటీ" అన్నాడు తండ్రి.

"జర ఉండు అబ్బా" అంది.