వాటం చూసే మునివెంకటమ్మ

లోకంలో ఎవరు కొత్తగా ఏది కట్టినా, ఎర్రమిట్ట మునివెంకటమ్మ దాని మీద చెంబెడు నీళ్ళు పోసి చూడాల్సిందే. పోసిన నీళ్ళు ఏ పక్కకు పారతాయో తేలేదాకా ఆవిడకు ముద్ద దిగదు. ఇల్లయినా, బడయినా, బ్యాంకయినా ఆవిడ కంటికి ఒకటే. వాటం సరిగ్గా ఉందా లేదా, అంతే. నమ్మకపోతే ఎర్రమిట్టలో ఎవర్నైనా అడగండి, అందరూ కనీసం ఒకసారి కాళ్ళు తడుపుకున్నవాళ్ళే.

పాపారపట్టిలో కేశవన్ గృహప్రవేశానికి అందరూ గోడ గడియారాలు పట్టుకుపోతే ఈవిడ ఇత్తడి చెంబు పట్టుకుపోయింది. చెంబు చదివిస్తుంది కాబోలని కేశవన్ మురిసిపోయాడు. ఆవిడ తిన్నగా హాల్లోకి నడిచి, కొత్త గచ్చు మీద నీళ్ళు కుమ్మరించింది. నీళ్ళు తూము వైపు కన్నెత్తి కూడా చూడలేదు. విస్తళ్ళ ముందు కూర్చున్న వియ్యాలవారి కిందికి చేరాయి.

"ఇల్లు లక్షణంగా ఉంది కేశవా. కడిగేటప్పుడు మాత్రం చుట్టాల్ని పిలవొద్దు," అని చెప్పి, ఆవిడ చేయి కడుక్కుని భోజనానికి కూర్చుంది.

మనవరాలు ప్రీతికి సంబంధం చూడ్డానికి మొరప్పూర్ పోయినప్పుడు ఇంకా ఘోరం. కింద పెళ్ళికొడుకు కొత్త చొక్కాలో చెమటలు కక్కుతుంటే, ఈవిడ చెంబుతో మిద్దెక్కింది.

"అవ్వా, మాప్పిళ్ళైని చూడవా?" అని ప్రీతి కింది నుంచి పిలిచింది.

"ఆయప్ప యాడికి పోతాడు? ముందు మిద్దె చూడనీ."

మిద్దె మీది నీళ్ళన్నీ పక్కింటి గోడ మీదికి దిగాయి. అవ్వ దిగొచ్చి సంబంధం వద్దంది. "పక్కింటోళ్ళ గోడ తడిపేటోళ్ళు మన పిల్లను చల్లగా చూసుకుంటారా?" అని అడిగి, చెంబు చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

అలాంటి ఊరికి రోడ్డు వేసే పని మోహనప్రియకు పడింది. పంచాయతీ యూనియన్ ఆఫీసులో కొత్త ఇంజనీరు, ఇదే తొలి రోడ్డు. కొండ కింది నుంచి ఎర్రమిట్ట దాకా సిమెంటు రోడ్డు పూర్తయింది. ఆ పైన ముప్పై ఇళ్ళ పైమిట్ట ఉంది. అక్కడికి ఆంబులెన్సు ఎక్కదు, ఒంట్లో బాగాలేకపోతే మనిషిని మంచంతో సహా మోసుకు దిగాలి. కింది రోడ్డును పెద్దాఫీసరు రంగనాథన్ చూసి సరేనంటేనే పై రోడ్డుకు అనుమతి. ఆయన గురువారం వస్తానన్నాడు.

మోహనప్రియకు ఒక్క మలుపు దగ్గరే గుండెదడ. ఆమె కొలతలు తీసిన రోజున అక్కడ కందిచేను ఉండేది. వాననీళ్ళు చేలోకి పోతే మంచిదేనని వాటం ఆ పక్కకే పెట్టింది. ఊరు ఊరుకుంటుందా? రోడ్డు పూర్తయ్యేలోగా అక్కడ మాదయ్య ఇల్లు లేచింది. పోనీ కాలవ తీద్దామంటే పక్కన గవర్నమెంటు జాగా జానెడు లేదు. ఈ సంగతి పైకి చెబితే రెండు రోడ్లూ మూలపడతాయి. వానొచ్చినప్పుడు చూసుకుందాంలే అని నోరు మూసుకుంది. అవ్వ చేతిని ఎట్లా ఆపాలో మాత్రం పాలుపోలేదు.

"అవ్వా, గురువారం ఒక్కరోజు నీళ్ళు పోయొద్దు. శుక్రవారం ట్యాంకరే తెప్పిస్తాను, కడుపారా పోసుకో."

"శుక్రవారం ఆపీసరు ఉంటాడా?"

"ఉండడు."

"మరి పోసి ఎవురికి చూపించేది?"

ఇది అయ్యే పని కాదని, బుధవారమే అవ్వను కావేరి స్నానమని చెప్పి హొగేనక్కల్ బస్సెక్కించింది. రెండు రోజులుండి, చేపల వేపుడు తిని రమ్మంది. గురువారం పదింటికి ఆఫీసరు జీపు వచ్చింది. జీపు వెనకే బస్సు, బస్సులోంచి అవ్వ.

"అప్పుడే వచ్చేసినావా అవ్వా?" అంది మోహనప్రియ నీరసంగా.

"నాకు ఆడ ఏం పని? కావేరికి దేవుడు వాటం సరిగ్గానే పెట్టినాడు."

ఈసారి చెంబు కాదు, ఇంట్లోంచి రెండు బిందెలు తెచ్చింది. మలుపు పైన నిలబడి రెండూ ఒంపేసింది. నీళ్ళు చక్కగా జారుకుంటూ వచ్చి, మలుపు తిరక్కుండా, సూటిగా మాదయ్య గడప దాటి లోపలికి పోయాయి. పీట మీద సంకటి తింటున్న మాదయ్య కంచం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

ముసలమ్మ మాదయ్య మీద పగ తీర్చుకుందని ఊరు గుసగుసలాడింది. ఆ ఇద్దరికీ మాటల్లేక తొమ్మిదేళ్ళు. రోడ్డు పక్కనే, మాదయ్య చేనుకు ఆనుకుని ఉన్న మూడడుగుల గట్టు కోసం కోర్టు మెట్లు అరిగేలా తిరిగారు. చివరికి అవ్వే గెలిచింది.

"ఎవరు వేసినారు ఈ రోడ్డు?" అని రంగనాథన్ తమిళంలో గద్దించాడు.

పైమిట్ట రోడ్డు పోయినట్టే అనుకుంది మోహనప్రియ. ఇక దాచి లాభం లేదని నోరు తెరిచేలోపు అవ్వ తనూ తమిళంలోకి దిగింది.

"ఈ పాపే సార్. ఇక్కడ కాలవ లేకుంటే ఇల్లు మునుగుతుంది, ఆపీసరు ముందర నీళ్ళు పోసి చూపించు అవ్వా అని తానే చెప్పినాది."

"కాలవకు జాగా ఏది?"

"ఆ గట్టు నాది. రాసుకోండి, వేలిముద్ర ఏస్తాను."

ఊరంతా నోరెళ్ళబెట్టింది. రంగనాథన్ గట్టు పొడుగునా నడిచి చూసి, కాలవ చేర్చమని రాశాడు. పైమిట్ట రోడ్డు కాగితం మీదా సంతకం పెట్టాడు. ఆ రోడ్డు గీసేముందు ఈ అమ్మను ఒకసారి పిలవమని చెప్పి జీపెక్కాడు.

"ఆ మాట నేనెప్పుడు చెప్పినాను అవ్వా?" అంది మోహనప్రియ.

"చెప్పాలనుకున్నావు కదా. ఆ మలుపు కాడికొస్తే తల దించుకోని నడిచేదానివి. నేను చూడలేదనుకున్నావా?"

"ముందే నన్ను అడిగుండొచ్చు కదా."

"అడిగుంటే హొగేనక్కల్ కాదు, కాశీకే పంపుంటావు."

"మాదయ్యతో నీకు మాటలే లేవు. గట్టు ఎట్ల ఇచ్చినావు?"

"మాటల్లేవు సరే. దానికని వాళ్ళ పిల్లోళ్ళు వానలో తడిసిన చాప మీద పండుకోవాలనా?"

మోహనప్రియకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే చెప్పలేనంత సంతోషమూ వేసింది.

ఇంతలో మాదయ్య పార భుజాన వేసుకుని వచ్చాడు. అవ్వకు మూడడుగుల దూరంలో నిలబడి, మోహనప్రియ వైపు చూస్తూ అన్నాడు. "ఆయమ్మకు చెప్పు తల్లీ, కాలవ నేనే తవ్వుతానని."

"వాటం నేను చెప్తాను, అట్లే తవ్వమని చెప్పు పాపా."

"సరే అన్నానని చెప్పు తల్లీ."

"ముందు పోయి సంకటి తిని రమ్మను. సగంలో లేచినాడు."

మోహనప్రియ ఆ మాట అందించడానికి అతని వైపు తిరిగేసరికి, మాదయ్య పార గట్టుకు ఆనించి, అప్పుడే ఇంటి దారి పట్టాడు.