కప్పు అంచున వేలు

రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి గుడ్లను గీరి గీరి, వర్కినేష్‌కి వెలుగూ చీకటీ తప్ప మరేమీ మిగలలేదు. అయినా కాఫీ పోయడంలో ఇథియోపియాలోని ఆ గొజ్జాం పల్లెలో ఆమె తర్వాతే ఎవరైనా. కప్పు అంచున వేలు పెట్టుకుని, వేడి తగలగానే కూజా ఎత్తేసేది.

ఆ ఉదయం ఎవరో ఇద్దరొచ్చారు. "పన్నులోళ్ళు. నోరు మెదపకుండా కాఫీ పొయ్యి," అని మొగుడు మెకురియా చెవిలో ఊదాడు. ఆమె పోసింది. తాగాక వాళ్ళను వాకిట్లోకి తీసుకెళ్ళి, ఏదో మాట్లాడి పంపేశాడు.

మధ్యాహ్నం పొరుగింటి అస్నాకు వచ్చింది. వారం వారం వర్కినేష్ రెప్పవెంట్రుకలు పీకేది ఆవిడే.

"పన్నులోళ్ళేంటే, నీ మొహం! కంటిజబ్బోళ్ళ లెక్క రాసుకునేవాళ్ళు. నా రెప్పలూ లోపలికి తిరగడం మొదలైందని ఆపరేషన్‌కి నా పేరు రాసుకున్నారు. మరి వర్కినేషో అంటే, 'ఆమెకి చూపు బాగుందని వాళ్ళాయనే చెప్పాడు, చుక్క ఒలక్కుండా పోసింది కూడా' అన్నారు. నువ్వు నాలుగు రోజులు ఆసుపత్రికి పోతే రొట్టెలెవరు కాలుస్తారనుకున్నాడో, మహానుభావుడు!"

సాయంత్రం మెకురియా కప్పు చాపాడు. వర్కినేష్ అంచున వేలు పెట్టలేదు. కాఫీ పొర్లి అతని చెయ్యి చుర్రుమంది.

"కళ్ళు కనబడట్లేదా?" అని అరిచాడు.

"కనబడట్లేదు," అంది, ఇంకా పోస్తూనే. "పొద్దున వాళ్ళతో చెప్పాల్సిన మాట అదే."