పేరు చెప్పని మేస్త్రీ

గిద్దలూరులో మూతపడిన సినిమా హాలు ఒకటుంది. దాని టికెట్ల కిటికీ కింద, సిమెంటు అరుగు మీద, పదహారేళ్లపాటు ఒక మనిషి ఉన్నాడు. ఆ వీధి చివరి బడిలోనే నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రోజూ ఆయన ముందు నుంచే బడికి పోయేదాన్ని. ఒక్కనాడూ నిలబడి మాట్లాడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్పాలి.

కిందటేడు ఒక సంస్థ వాళ్లు వచ్చారు. ఇల్లు లేనివాళ్ల కోసం ఊళ్లో వసతిగృహం తెరుస్తున్నామని, ముందు వాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది విని రాసుకురావాలని, ఆ పని నన్ను చేసిపెట్టమని అడిగారు. రిటైరైన వాళ్లకు వేరే పనేముంటుందని అందరి నమ్మకం. సరేనన్నాను. ఫారంలో మొదటి గడి పేరు. పేరు లేకపోతే మంచం లేదు.

ఆయన ఆ మొదటి గడి దగ్గరే ఆగిపోయాడు.

"పేరు వద్దు టీచరమ్మా. తక్కినవి అడగండి."

"పేరు లేకుండా ఎట్లా, అన్నా?"

"లేదనే రాసుకోండి."

నాకసలే ముక్కుమీద కోపం. మీకు మంచి చేద్దామని వస్తే ఇదేం మొండితనమని కసిరేసి లేచి వచ్చేశాను. కానీ మాటమాటకీ ఆయన దగ్గిన దగ్గు నాతోబాటు ఇంటిదాకా వచ్చింది. పలకరాయి గనుల్లో పనిచేసిన వాళ్ల దగ్గు అది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోతే ఇక వదలదు. ఇంకో చలికాలం అరుగు మీద పడుకుంటే మనిషి దక్కడని సంస్థ తరఫున చూసిన డాక్టరు కూడా చెప్పేశాడు. మర్నాడు మళ్లీ పోయి, ఫారం సంచిలోనే ఉంచి, పక్కన కూర్చున్నాను.

పది రోజులు కూర్చున్నాను. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకుని వినడం అదే మొదలు.

"రాత్రి పండుకునేదానికి చోటు ఎట్లనో దొరుకుతాది టీచరమ్మా. పగలు కూచునేదానికే దొరకదు. ఏడన్నా గంటసేపు కూచుంటే చాలు, ఎవురు నువ్వు, ఏం పని అంటారు. అందుకే నడుస్తా ఉంటా. పని ఉన్నోని మాదిరి గబగబా నడుస్తా" అన్నాడు ఒకరోజు.

పొద్దున్నే నాలుగు దుకాణాల ముందు ఊడ్చి నీళ్లు చల్లుతాడు. వాళ్లు టీ, టిఫిను పెడతారు. మంచివాళ్లే, కానీ వాన వస్తే లోపలికి రమ్మనరు. ఈయనా పోడు. మరి జ్వరమొస్తే ఎట్లా అని అడిగాను.

"బస్టాండుకు పోయి బస్సు కోసం చూసేవాళ్ల మధ్యన పండుకుంటా. ఆడ పట్టపగలు పండుకున్నా ఎవురూ ఏమీ అనరు. ఊరికి పోయేవాడనుకుంటారు."

ఎనిమిదో రోజున అసలు సంగతి చెప్పాడు. ఆయనది తర్లుపాడు దగ్గర పల్లె. పలకరాయి గనిలో మేస్త్రీ. అక్కడ మేస్త్రీ పనంతా చెవిలోనే ఉంటుంది. కూలీలను కిందికి దించే ముందు పైనున్న రాతిని సుత్తితో తట్టి వింటాడు. గట్టి రాయి కంగున మోగుతుంది. లోపల బీట ఉంటే మొద్దుగా మోగుతుంది. ఆ తేడా విని, దిగొచ్చని మేస్త్రీ చెప్తేనే మనుషులు దిగుతారు. రాయి పగలగొట్టే మందుగుండు ఏళ్ల తరబడి పేలిన చోట ఉండి ఆయనకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం పోయింది. వినపడదంటే మేస్త్రీ పని ఉండదు. అందుకని దాచిపెట్టాడు.

"ఇంట్లో కూడా చెప్పలేదా?"

"చెప్పలా" అని అటు తిరిగాడు.

ఒకరోజు రాయి తట్టి, మంచిగా మోగిందని చెప్పి, బామ్మర్ది వెంకటేష్‌ను కిందికి దించాడు. రాయి విరిగి మీద పడింది. అత్తగారికి వెంకటేష్ ఒక్కడే కొడుకు, పెళ్లి కూడా కాలేదు. మూడో రోజు ఈయన ఎవరికీ చెప్పకుండా ప్యాసింజరు ఎక్కాడు.

"గిద్దలూరే ఎందుకొచ్చినావు?"

"టికెట్టు లేదు. ఈడ దింపినారు."

వచ్చిన ఏడేళ్లకు బస్టాండులో వాళ్ల పల్లె మనుషులిద్దరు కనపడితే తువ్వాలు కప్పుకుని పడుకున్నాడట. దర్భలతో మనిషి బొమ్మ చేసి కాల్చి, తనకు కర్మకాండ చేశారని వాళ్ల మాటల్లోనే తెలిసింది. "నా దినం కూడు తిన్నోళ్లే వాళ్లు. వడలు బాగున్నాయనుకుంటా ఉన్నారు" అని చిన్నగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. భార్య యల్లమ్మకు వితంతు పింఛను వస్తోందని కూడా ఆ రోజే విన్నాడు.

"నా పేరు ఓబులేసు. మీకు చెప్తాండా గాని రాయొద్దు. రాస్తే నేను బతికినట్టు అవుతాది. ఆమెకు పింఛను పోతాది. బొట్టు తీసేసినారు, గాజులు పగలగొట్టినారు, ఆ ఏడుపు ఒకపారి ఏడ్చేసింది. మళ్లా ఏం మొగం పెట్టుకొని బతికినా అని చెప్పేది?"

రాయనని మాట ఇచ్చాను. ఎవరికీ చెప్పనని కూడా అన్నాను. రాయలేదు గానీ, రెండో మాట నిలబెట్టుకోలేదు. మూడు రోజులు ఆ దగ్గు విని, నాలుగో రోజు పొద్దున రైలెక్కి తర్లుపాడులో దిగి, ఆటోలో ఆ పల్లెకు పోయాను.

యల్లమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. నేను చెప్పింది విని చేట కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"చెవి సంగతి చెప్పినాడా అక్కా?"

"చెప్పినాడు. నీకు కూడా తెలియదన్నాడు."

ఆమె లోపలి గది వైపు చూసింది. మంచం మీద ముసలావిడ నిద్రపోతోంది. యల్లమ్మ తల్లి, ఆ వెంకటేష్ తల్లి. యల్లమ్మ గొంతు తగ్గించింది.

"నాకు తెలుసక్కా. చెవి పోయిందని మొదట నాకే చెప్పినాడు. మేస్త్రీ పని పోతే మళ్లా రాళ్లు మోయాల, ఎవురికీ చెప్పొద్దని నేనే అన్నా. మా తమ్ముడు పోయినాక ఊరంతా ఆయన్ను తిట్టింది. మా అమ్మ మన్ను తీసుకొని ఆయన మొగాన కొట్టింది. నేను నోరు తెరవలా. ఆయనా నా పేరు ఎత్తలా."

ఆయన కాపాడుతున్నది పింఛను ఒక్కదాన్నే కాదు. తల్లి దగ్గర ఈమె ఉన్న ఆ కాస్త చోటును కూడా. అది తెలియక ఆయన్ను మొండివాడన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. వస్తానని గానీ రానని గానీ ఆమె చెప్పలేదు. ఫోన్ నంబరు ఇచ్చి వచ్చేశాను.

రెండో రోజు పదకొండు గంటలకు గిద్దలూరు స్టేషన్ నుంచి ఫోన్ చేసింది. అరుగు దగ్గరికి తీసుకుపోయాను. ఆమెను చూడగానే ఓబులేసు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె పోయి ఆయన కుడిపక్కన కూర్చుంది.

"అమ్మకు చెప్పేసినా" అంది. "నీ చెవి సంగతి నాకు ముందే తెలుసని. నేనే దాచమన్నానని."

తువ్వాలు వెనక నుంచే అడిగాడు. "ఏమనింది?"

"ఏమీ అనలా. అన్నం తినలా. నా చేతి నీళ్లు కూడా తాగలా."

"ఎందుకు చెప్పినావు? నామీదనే ఉండనీయకపోతివా?"

"పదహారేండ్లు ఉండనిస్తిని గదా."

ఆయన దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా ఆమె చూస్తూ కూర్చుంది. తర్వాత నావైపు తిరిగి, "పేరు రాయక్కా" అంది.

"పింఛను ఆగిపోతుంది యల్లమ్మా."

"పోనీ. మనిషి ఉండంగా సచ్చినోని సొమ్ము ఎట్ల తినేది?"

"రాయొద్దు టీచరమ్మా" అన్నాడు ఓబులేసు. "ఆమెకు ఆ ఇల్లే దిక్కు. ఈడ నాకు బాగానే ఉంది."

అప్పుడు ఏడ్చింది యల్లమ్మ. ఏడుస్తూనే ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"తప్పు ఇద్దరం చేస్తిమి. నువ్వు అరుగు మీద పండుకుంటివి, నేను ఇంట్లో పండుకుంటి."

ఇంటికి రమ్మని మాత్రం ఆమె పిలవలేదు. ఆ తల్లి ఉన్న ఇంటికి పిలిచే హక్కు ఆమెకు లేదు. అది ఆయనకూ తెలుసు. నేను ఫారం తీసి ఒళ్లో పెట్టుకుని పెన్ను మూత తీశాను. ఆయన తువ్వాలు తీశాడు. పేరు తనే చెప్పాడు. వినపడనివాళ్లు మాట్లాడినట్టు, గట్టిగా. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.