చీజ్ పెనం మీద మంట

పోయిన ఏడాది చెల్లెలితో కలిసి గ్రీసులోని ఒక దీవికి టూర్ వెళ్లాను. గైడు మమ్మల్ని సందుల్లో తిప్పుతూ తినుబండారాలు రుచి చూపించి, చివరికి వంట నేర్పే ఇంటికి తీసుకెళ్లింది. అక్కడ వంటామె వేగుతున్న చీజ్ మీద సారా పోసి అగ్గిపుల్ల గీసింది. మంట భగ్గున ఆమె ముఖం దాకా లేచింది.

చిన్నప్పుడు బేస్తవారిపేట దగ్గర మా కొట్టం మేకలతో సహా నా కళ్లముందే కాలిపోయింది. తడిగుడ్డ ఎప్పుడు లాక్కున్నానో తెలియదు, పెనం మీద వేసి అదిమిపట్టాను.

"ఏందక్కా, ఇట్ల చేసినావు? అది వాళ్ల వంట," అంది చెల్లెలు.

చెల్లెలు చెప్పిన కొట్టం సంగతి విని, వంటామె ఇంకో ముక్క వేసి, పెనం మూత నా చేతికిచ్చి, మళ్లీ వెలిగించింది. మూత గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

ఎవరూ ఆర్పకుండానే ఆరిపోయిన మంటను ఆ రోజే మొదటిసారి చూశాను.